సున్నపు బొట్టు పెట్టిన పీపాలు

పీపాని వాసన చూసి మంచీ చెడ్డా చెప్పడం నాకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళయి బోడసకుర్రు రేవులో అత్తవారింట అడుగుపెట్టిన నెల్లాళ్ళకి, మా ఆయన బాగుచేసి పెరట్లో ఆరబెట్టిన పీపాల మధ్య నుంచి నీళ్ళ బిందెతో వస్తూ ఆగిపోయాను.

"మావా, ఈ మూడోదాంట్లో ఏదో కుళ్ళింది."

మా ఆయన నవ్వాడు. బూడిద నీళ్ళతో నాలుగుసార్లు కడిగిన పీపా అది. అయినా నా మాట కొట్టెయ్యలేక పట్టీలు వదులు చేసి మూత ఊడదీశాడు. రెండు పలకల సందున, గోరు పట్టనంత చోట, చేప పొలుసొకటి ఇరుక్కుని ఉంది. ఆ రోజు మొదలు ఏ పీపా మా పెరడు దాటాలన్నా నా ముక్కు ముందు నుంచి వెళ్ళాల్సిందే అయింది.

మా ఆయన పేరు నూకయ్య. కోరంగిలో ఓడలు కట్టేచోట పనిచేస్తుండగా దుంగ మీదపడి ఎడమ మోకాలు చితికింది. నిచ్చెనలెక్కే పనికి ఇక పనికిరాడన్నారు. కాలు నయమయ్యే నాలుగు నెలలూ ఊరికే ఉండలేక, మరమ్మతుకి ఆగిన ఓ ఓడమీది పీపాల మేస్త్రి పక్కన కూర్చుని ఆ విద్య పట్టుకొచ్చాడు. ఓడలవాళ్ళు సారా, తారు, తిమింగలం నూనె, ఉప్పు మాంసం, ఏవేవో పీపాల్లో తెచ్చుకుని, ఖాళీ అయ్యాక రేవులో దొర్లించేసేవారు. వాటిని కట్టెల ధరకి కొని పడవ మీద ఇంటికి తెచ్చేవాడు. పలకలు విప్పి, పుచ్చినది తీసేసి కొత్తది చెక్కి, నీళ్ళు కారకుండా సందుల్లో జమ్ము రేకు పెట్టి, ఇనప పట్టీలు మళ్ళీ బిగించేవాడు. లోపలి మురికి రాలేలా ఆల్చిప్పలూ నీళ్ళూ పోసి ఇద్దరం చెరోవైపు నుంచి దొర్లించేవాళ్ళం. ఆ తరవాత కొబ్బరి డొక్కల మంట చూపించి, సున్నపు నీళ్ళు పోసి, పారబోసి, బిరడా బిగించి ఎండలో పెట్టేవాళ్ళం. మిట్టమధ్యాహ్నం పీపా కాలిపోతూ ఉన్నప్పుడు బిరడా తీసి నేను బెజ్జానికి ముక్కు ఆనించేదాన్ని. చల్లపూట ఏ పీపా అయినా మంచిదే. ఎండ తగిలితేనే అది దాచుకున్నది బయటపెడుతుంది.

బాగుచేసినవి కొబ్బరినూనె వర్తకులు కొనుక్కునేవారు. ఉప్పు మాంసం తెచ్చిన పీపాలు నూనెకి పనికిరావు. వాటిని ఎవరూ ముట్టుకునేవారు కారు. గన్నవరం కాలవ పనుల దగ్గర సున్నం నానబెట్టే మత్తయి అవి తీసుకెళ్ళేవాడు. అతను ఆ మధ్యనే నరసాపురం దొరల దగ్గర క్రైస్తవంలో కలిసిన మనిషి. "మీకు అక్కర్లేనివే నాకు కావాలండీ" అని నవ్వుతూ బండికెత్తుకునేవాడు.

మా అత్త అప్పలమ్మకి మాత్రం పీపాలంటే కిట్టదు. ఆవిడ పెరటివైపు వచ్చేదే కాదు. పదహారేళ్ళ కిందటి ఉప్పెనలో మా మామ పడవతో సహా పోయాడు. నాలుగో నాడు ఆ పడవలోని మంచినీళ్ళ పీపా ఒక్కటీ ఒడ్డుకి కొట్టుకొచ్చిందట. ఈ సంగతి నాకు మా ఆయన చెప్పాడు. అత్త చెప్పలేదు. ఆవిడ నాతో మాట్లాడే మాటలు వంటకీ నీళ్ళకీ సరిపోయేవి. అవి అయిపోయాక ఇంకేమైనా మిగిలితే, "కోడలు పిల్లని తెచ్చుకుంటే ఊళ్ళో పీపాలన్నింటికీ ముక్కు పెట్టి తిరుగుతోంది" అని గోడకి చెప్పేది.

రాక్షస నామ సంవత్సరం చైత్రమాసంలో అమలాపురం నుంచి నూనె వర్తకుడు వెంకటస్వామి గారు బండి కట్టించుకుని వచ్చాడు. అప్పుడు నాకు అయిదో నెల. ఆయన పెరట్లోకి వచ్చి, నిలబడే అడిగాడు.

"నూకయ్యా, బాగుచేసినవి ఎన్నున్నాయి?"

"ఎనిమిదండీ."

"నాకు రెండొందలు కావాలి. ఆషాఢంలో సముద్రం పోటెక్కి ఓడలు ఆగిపోయేలోగా."

మా ఆయన చేతిలో సుత్తి అలాగే ఆగిపోయింది. "అన్ని ఎవరికండీ?"

"కాకినాడ ఓడలకి. ఇంగ్లీషువాళ్ళకీ రూసులకీ యుద్ధం జరుగుతోందయ్యా. సబ్బులకీ కొవ్వొత్తులకీ వాళ్ళకి రూసు దేశం నుంచి పశువుల కొవ్వు వచ్చేది. అది ఆగిపోయింది. ఇప్పుడు మన కొబ్బరినూనె ఎంత ఉంటే అంత తెమ్మంటున్నారు. నూనె నా దగ్గరుంది. పొయ్యడానికి పీపాల్లేవు."

ఆ రూసు దేశం ఎక్కడుందో, అక్కడి పశువులకీ మా చెట్ల కాయలకీ పోటీ ఏమిటో నాకు బుర్రకెక్కలేదు. కాని వెంకటస్వామి గారి ముఖం చూస్తే నిజమేననిపించింది. ఆయన నా వైపు తిరిగాడు.

"వరహాలమ్మా, కొత్తపేట నుంచి ఒకాయన పంపిన పీపాల్లో నూనె పోసి పంపితే ఎనిమిదింటిని ఓడమీదకి ఎక్కనివ్వలేదమ్మా. నూనంతా తారు కంపు. నా పేరు పోయింది. అందుకని నువ్వు వాసన చూసినవే కావాలి నాకు. చూసినదానికి ఏదన్నా గుర్తు పెట్టు."

"సున్నపు బొట్టు పెడతానండీ, బిరడా పక్కన."

"ఆయ్, చాలు. బొట్టుంటే నేను మళ్ళీ మూత తియ్యను."

ఆ మాట ఆయన మామూలుగానే అని వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ పూటంతా నేల మీద కాలు నిలవలేదు.

ఇక చూడండి, ఆ వేసవి సంబరం. వారం తిరిగేసరికి కోరంగిలో మురికి పీపా ధర రెండింతలైంది. వైశాఖం వచ్చేసరికి నాలుగింతలు. ఇన్నాళ్ళూ ఎవరి పెరట్లో ఏ మూల పడి ఉందో తెలియని పీపాలన్నీ దొర్లుకుంటూ మా రేవుకి వచ్చాయి. ఒకావిడ ధాన్యం నేల మీద కుమ్మరించి పీపా నెత్తినెత్తుకొచ్చింది. రాజోలు నుంచి ఒకాయన కోళ్ళు పెట్టుకునే పీపా తెచ్చాడు. దాంట్లో రెండు గుడ్లు కూడా ఉన్నాయి. "అవి మీకేనండీ, ధరలో కలిపెయ్యండి" అన్నాడు. నేను కడుపుతో ఉండటం వల్లేమో, నా ముక్కు మునుపటి కంటే పదునెక్కింది. పెరటి గుమ్మంలో నిలబడే, దాన్ని మత్తయికి, దీన్ని పొయ్యిలోకి అని చెప్పేదాన్ని. మా ఆయన నవ్వి, "పొట్టలో ఇంకో ముక్కుంది కదా, రెండు కలిసి చూస్తున్నాయి" అనేవాడు.

వైశాఖం మధ్యలో నాకు జ్వరం వచ్చింది. అయిదు రోజులు ఒళ్ళు తెలియలేదు. ఎవరో కషాయం పోస్తున్నారని, తల తడి గుడ్డతో తుడుస్తున్నారని లీలగా తెలిసేది. ఆరో నాడు లేచాను. మా ఆయన నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు, "వచ్చేశావా వరాలూ! ఇరవై పీపాలు నీకోసం కూచున్నాయి" అన్నాడు.

మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళాను. మొదటి పీపా బిరడా తీశాను. ఏ వాసనా లేదు. ఎంత బాగా కడిగాడో అనుకుని బొట్టు పెట్టాను. రెండోదీ అంతే. మూడోది ఇంకా కడగని పీపా. దాని పలకల మీద తారు కారి గడ్డకట్టి కళ్ళకి కనిపిస్తోంది. దాని బెజ్జానికి ముక్కు ఆనించాను. ఏమీ తెలియలేదు. గట్టిగా పీల్చాను. వేడిగాలి లోపలికి పోయింది, అంతే.

వంటింట్లోకి వెళ్ళి ఎండుచేపల బుట్టలో ముఖం పెట్టాను. ఉల్లిపాయ చిదిపి చూశాను. నా చెయ్యి నేనే వాసన చూసుకున్నాను. లోకమంతా ఎవరో బిరడా బిగించేసినట్టుంది.

రేపటికి వస్తుందనుకున్నాను. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చెబుదామని మా ఆయన దగ్గరకి వెళ్ళేదాన్ని. ఆయన చితికిన మోకాలు చాపుకుని, చెమటలు కారుస్తూ, కూనిరాగం తీస్తూ పలకలు చెక్కుతుండేవాడు. దుంగ మీద పడిన తరవాత ఆయన అలా పాడుకోవడం ఆ వేసవే మొదలు. చెప్పకుండానే తిరిగొచ్చేసేదాన్ని. బండివాడు పీపాల కోసం వచ్చి కూర్చునేవాడు. అందుకని కళ్ళతో చూశాను. ఈగలు ఏ పీపా మీద వాలుతున్నాయో, చీమలు దేని చుట్టూ తిరుగుతున్నాయో, పలక రంగెలా ఉందో చూసి, పలకని నాలికతో అంటి చూసి బొట్టు పెట్టేశాను. నాలుగు రోజుల్లో పదకొండు పీపాలు అలా బండెక్కి అమలాపురం వెళ్ళిపోయాయి.

అయిదో నాడు అన్నం పొయ్యి మీద పెట్టి, పక్కనే పీట మీద కూర్చుని చేపలు తోముతున్నాను. మా అత్త వీధిలో నుంచి గబగబా వచ్చింది. నన్ను దాటుకుని వెళ్ళి ఉత్త చేతుల్తో కుండ దింపేసింది. అడుగున అన్నం బొగ్గయి, ఇల్లంతా పొగ కమ్మి ఉంది. అప్పుడు చూశాను పొగని.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాలిన వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత పైనున్న తెల్లన్నం మా ఇద్దరికీ తీసి, మాడిన అడుగు తన కంచంలో వేసుకుంది. మా ఆయన వచ్చి, "ఇదేం కంపే అమ్మా?" అంటే, "నేనే మంట ఎక్కువ పెట్టేనురా. తిను" అంది.

మర్నాడు మధ్యాహ్నం నేను పెరట్లో పీపాల దగ్గర ఉన్నాను. మా ఆయన రేవుకి వెళ్ళాడు. వెనక అలికిడయితే తిరిగి చూశాను. మా అత్త. తల మీద కొంగు కప్పుకుని, ఎప్పుడూ రాని చోటికి వచ్చినట్టు చుట్టూ చూస్తూ వచ్చింది. పీపాల వరస దగ్గరకి రాగానే ఒక్క క్షణం ఆగింది. ఆవిడ చెయ్యి ఒక పీపా మీద పెట్టి, వెంటనే తీసేసింది. మళ్ళీ పెట్టింది.

"పక్కకి జరుగు" అంది నాతో.

జరిగాను. బిరడా తీసి వంగి ముక్కు ఆనించింది. "తారు. కడగాలి." రెండో దాని దగ్గరకి నడిచింది. "సారా పీపా. బాగుంది, పెట్టుకో నీ బొట్టు." మూడో దాని దగ్గర ముఖం చిట్లించింది. "ఇదేదో పుల్లటి సరుకు. ఇంకో రెండెండలు చూపిస్తే పోద్ది."

నేను సున్నపు చిప్ప కింద పెట్టేశాను.

"నీకెలా తెలుసత్తా?"

"మీ మావ పడవ మీద ఎన్నేళ్ళు వండేనే నేను? ఏ పీపాలో ఏముందో బిరడా తియ్యకుండా తెలియాలి అక్కడ." నా వైపు చూడకుండానే అడిగింది. "ఎన్నాళ్ళయింది ముక్కు పోయి?"

"జ్వరం దగ్గర్నుంచీ."

"వాడికి తెలుసా?"

"తెలీదు."

అంతవరకూ ఆపుకున్నది ఆగలేదు. పీపాకి ఆనుకుని కూర్చుని ఏడ్చేశాను. ఆవిడ కొంతసేపు చూసి, "ఏడిస్తే ముక్కు ఇంకా మూసుకుపోద్ది. లే" అంది. చెయ్యి అందించి లేపింది. ఆ చెయ్యి వేళ్ళ మీద నిన్నటి బొబ్బలున్నాయి. జ్వరంలో నా తల తుడిచిన చెయ్యి ఎవరిదో అప్పుడు తెలిసింది నాకు.

"ఈ నాలుగు రోజుల్లో బొట్టు పెట్టినవేవే?"

"వెళ్ళిపోయేయి. పదకొండు."

ఆవిడ నిట్టూర్చింది. "వాడు రానీ. చెప్పేద్దాం."

ఆయనకి నేనే చెప్పాను. చెక్కుతున్న పలక ఒళ్ళో పెట్టుకుని, తలెత్తకుండా విన్నాడు.

"పదకొండా?"

"ఆయ్."

బాడిత పక్కన పెట్టాడు. కోపం వస్తుందేమోనని చూస్తున్నాను. "జ్వరం నుంచి లేచిన దాన్ని పట్టుకుని ఇరవై పీపాలు కూచున్నాయన్నాను" అన్నాడు తనలో తనే అనుకుంటున్నట్టు. "ఒంట్లో ఎలా ఉందని అడగలేదు." లేచి కర్ర అందుకున్నాడు. "నూనె పోసెయ్యకముందే వెళ్దాం. బండి పిలుస్తాను."

"నేనూ వస్తాను" అంది అత్త. ఉప్పెన తరవాత ఊరు దాటని మనిషి.

మర్నాడు పొద్దెక్కేసరికి అమలాపురంలో వెంకటస్వామి గారి కొట్టు ముందు దిగాం. లోపల మనుషులు కావళ్ళతో నూనె తెస్తున్నారు, పీపాల్లో పోస్తున్నారు. గోడ వారగా మా పీపాలు నలభై పైగా ఉన్నాయి. అన్నింటికీ నా బొట్టే. ఏవి ముక్కుతో పెట్టినవో, ఏవి కళ్ళతో పెట్టినవో నాకే తెలియలేదు.

"ఏంటమ్మా, అందరూ కట్టకట్టుకుని వచ్చేరు?" అన్నాడాయన నవ్వుతూ.

చెప్పాను. ఎక్కడా దాచలేదు. ఈగల్ని చూసి బొట్టు పెట్టిన సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వు మెల్లిగా పోయింది. కావళ్ళవాళ్ళని ఆగమని చెయ్యెత్తాడు.

"బొట్టు చూసి మూత తియ్యను అన్నాను కదమ్మా."

"అన్నారండీ."

"తియ్యలేదు. ఆరు పీపాల్లో నూనె పోయించేసేను." భుజం మీది కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడెవర్ని నమ్మమంటావు నన్ను?"

మా ఆయన నోరు తెరిచేలోగా అత్త ముందుకొచ్చింది.

"ఎవర్నీ నమ్మొద్దండి. నేను వాసన చూస్తాను. ముందు నన్ను పరీక్ష పెట్టండి."

ఆయన ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా చుట్టూ మూగారు. ఆవిణ్ణి గోడవైపు తిరిగి కళ్ళు మూసుకోమన్నారు. ఒకడు నాలుగు పీపాల బిరడాలు తెచ్చి ఒక్కొక్కటీ ఆవిడ ముక్కు కింద పెట్టాడు.

"సారా."

"ఆయ్, సారాయే" అన్నాడు తెచ్చినవాడు.

"ఇది మీ నూనె. ఇదీ మీ నూనే, కాని కాయ ముదరకుండా ఆడించేరు."

నూనె ఆడించే మనిషి తల దించుకున్నాడు. నాలుగో బిరడా బదులు వెంకటస్వామి గారు నిశ్శబ్దంగా మొల్లోంచి ఏదో తీసి అందించాడు. అత్త వాసన చూసి గట్టిగా తుమ్మింది.

"పరీక్ష పెట్టమన్నాను గాని, నశ్యం వెయ్యమన్నానాండీ?"

కొట్టంతా నవ్వులు. వెంకటస్వామి గారు కూడా ఆపుకోలేకపోయాడు. "దొర్లించండ్రా పీపాలన్నీ ఎండలోకి" అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్నాం. అప్పుడు మొదలుపెట్టింది. అరవై దగ్గర పడిన మనిషి, ఆ మండుటెండలో ఒక్కొక్క పీపా దగ్గరా వంగుతూ, లేస్తూ, నడుం పట్టుకుంటూ, మళ్ళీ వంగుతూ. నేను వెనకే మజ్జిగ చెంబు పట్టుకుని నడిచాను. "నువ్వు నీడకి పో" అని రెండుసార్లు కసిరింది. పోలేదు. ఆవిడ మీద పడే ఎండకి కొంగు అడ్డం పట్టాను. అప్పటికి ఆరో నెల పొట్ట నాది. ఇద్దరం అలా నలభై మూడు పీపాలూ తిరిగాం.

చెడ్డవి మూడు తేలాయి. రెండింట్లో తారు, ఒక దాంట్లో చేపనూనె. తారు వాటిల్లో ఒకటి నిండా నూనె పోసిన పీపా.

"ఆ నూనె మేం తీసుకుంటామండీ, పడవల పలకలకి రాసుకోడానికి" అన్నాడు మా ఆయన. "చెడ్డ మూడింటికీ బదులు మూడు ఊరికే ఇస్తాం. ఇక మీదట వద్దంటే మానేస్తాం."

వెంకటస్వామి గారు మేము తెచ్చిన మజ్జిగ చెంబు వైపు చూసి, లోపలికి కేకేసి అత్తకి కొబ్బరి బోండాం కొట్టించాడు.

"మానెయ్యొద్దు. కాని ఇక బొట్లు రెండు పెట్టండి."

"రెండెందుకండీ?" అన్నాను.

"ఒకటి మీ అత్తగారు చూసినందుకు. ఇంకోటి నువ్వు ఇంత దూరం వచ్చి చెప్పినందుకు."

జ్యేష్ఠమంతా మా పెరట్లో అత్తా కోడళ్ళం పని చేశాం. ఆవిడ వాసన చూసేది, నేను రెండు బొట్లు పెట్టేదాన్ని. మధ్యలో ఆవిడ మాట్లాడేది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో ఆ మాటలన్నీ! మామ పడవ సంగతులు, ఏ రేవులో ఏ చేప రుచో, ఆయనకి పులుసులో పులుపెంత కావాలో. పీపా ఒడ్డుకి కొట్టుకొచ్చిన రోజు సంగతి కూడా ఒక పూట చెప్పింది. "దాని బిరడా తీసి చూసేను. మంచినీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు" అంది. నేను తరవాతి పీపా బిరడా తీసి పెట్టాను.

నాకు వాసన తెలియదని ఆవిడకి ఒక బెంగ. అందుకని నడుస్తూ నడుస్తూ చెప్పేది. "ఇప్పుడు మొగలి పూసిందే ఆ గట్టు మీద." "ఎక్కడో వాన పడింది, మట్టి వాసనొస్తోంది." "మీ ఆయన స్నానం చెయ్యకుండా కూచున్నాడు, చెప్పు వాడికి."

ధర అప్పటికి కొండెక్కింది. ఒక సాయంత్రం మత్తయి వచ్చి, కోరంగిలో ఒకేచోట అరవై పీపాలున్నాయని, ఇవాళ కొన్నవాడికి రేపు రెండింతలని చెప్పాడు. ఒక పలక కూడా పట్టుకొచ్చాడు, చూపించడానికి. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తోంది. మా ఆయన కళ్ళు మెరిశాయి. ఆ వేసవి సంపాదనంతా పెట్టి కొనేద్దామన్నాడు. అత్త పలక అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తిమింగలం నూనె. నీ మనవలు కడిగినా పోదురా ఇది."

"సున్నం వేసి మంట చూపిస్తేనో?"

"పోదు."

ఆయన నా వైపు చూశాడు. "నన్నడక్కు మావా. నాకు ముక్కు లేదు" అన్నాను. ఆయన నవ్వేశాడు. కొనలేదు. ఆ అరవై కొత్తపేట ఆయన కొన్నాడని తెలిసింది. పది రోజులకి కాకినాడకి ఒక ఓడ వచ్చింది. దాని నిండా విప్పి కట్టలు కట్టిన కొత్త పలకలు. బిగిస్తే చాలు, పీపాలే. వారంలో మా పాత పీపాల ధర చైత్రంలో ఎక్కడుందో అక్కడికి దిగిపోయింది. మరుసటి ఏడు ఆ యుద్ధమూ అయిపోయిందన్నారు. రూసు దేశపు పశువులు మళ్ళీ తమ పని చూసుకున్నాయి కాబోలు. వెంకటస్వామి గారు మాత్రం ఏటా నలభై యాభై పీపాలు మా దగ్గరే తీసుకునేవాడు, ధర ఎలా ఉన్నా. మా ఇంటికి అది చాలింది.

ధర పడిన ఆ ఏడే శ్రావణంలో, కుండపోతగా వాన కురుస్తున్న ఒక తెల్లవారుజామున, నాకు ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని కడిగి ఇవ్వగానే మొదట ఎత్తుకున్నది మా అత్త. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి, వెలుగులో ముఖం చూసి, మెల్లిగా ఆ లేత నడినెత్తి మీద ముక్కు ఆనించింది. కళ్ళు మూసుకుంది.

ప్రతి వాసనకీ ఒక మాట ఉండేది ఆవిడ దగ్గర. సారా, తారు, పులుపు, మొగలి. నేను పడుకునే చూస్తున్నాను. ఎంతసేపటికీ ఏమీ అనదే!

"ఎలా ఉందత్తా?" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచింది. మళ్ళీ పిల్ల వైపు చూసింది.

"చెప్పడం రావట్లేదే" అంది. వచ్చి నా పక్కన కూర్చుని, పిల్ల తలని నా ముఖానికి ఆనించింది. "నువ్వే చూసుకో."

వెచ్చగా, మెత్తగా, ఉప్పగా తగిలింది పెదాలకి. గట్టిగా పీల్చాను. ఇంకోసారి పీల్చాను. ఏమీ రాలేదు. ఆవిడ నా ముఖంలోకి అంత ఆత్రంగా చూస్తోంది, కొంగుతో నా చెమట తుడుస్తూ.

"తెలిసిందత్తా" అన్నాను.

"తెలిసిందా?"

"ఆయ్."

నా అబద్ధం ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసని నాకూ తెలుసు. నా నుదుటి మీద జుట్టు వెనక్కి దువ్వి, "మరే, మంచి వాసన" అంది మా అత్త.